సెమినార్ నియమాలూ, బస్సులో నా నోరూ

కోలారులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఒక ఏడాది ఆన్‌లైన్ ప్రైవసీ మీద సెమినార్ పెట్టారు. ఎవరు నడుపుతారని అడిగితే తోటి లెక్చరర్లంతా తలలు దించుకున్నారు. నేను చెయ్యెత్తాను. నన్నెరిగినవాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. నా నోట్లో నువ్వుగింజ నానదని స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు మరి.

తప్పు పూర్తిగా నాది కాదు. మా నాన్న కేజీఎఫ్ గనిలో పనిచేసేవాడు, నేను పుట్టి పెరిగింది అక్కడి గని లైన్లలో. ఒకే వరసలో ఇళ్లు, ఇంటికీ ఇంటికీ మధ్య గోడ పైకప్పు దాకా వెళ్లేది కాదు. పులుసులో ఉప్పెక్కువైందని మా నాన్న అంటే, పక్కింటి అత్త అటు నుంచే "ఇంత నీళ్లు పొయ్యమ్మా" అని మా అమ్మకు సలహా ఇచ్చేది. గనులు మూతపడి చాలామంది వెళ్లిపోయినా మాలో ఆ అలవాటు పోలేదు.

మొదటి రోజే ఒక కాగితం పంచాను, నేను విద్యార్థుల నుంచి ఏమేం ఆశిస్తున్నానో రాసి. చదివి రావాలి. అందరూ నోరు విప్పాలి. వాదించుకోవచ్చు గానీ వెక్కిరించకూడదు. ఫోన్లు తలుపు దగ్గర పెట్టిన టమాటా క్రేటులో వెయ్యాలి. ఐదోది మాత్రం ఎర్ర సిరాతో గీత గీసి మరీ రాశాను: ఈ గదిలో ఎవరైనా తమ గురించి చెప్పుకున్నది బయట ఎవరికీ చెప్పకూడదు.

"మేడం, ఇవి మాకేనా, మీకూనా?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు.

"అందరికీ అప్పా" అన్నాను దర్జాగా.

మూడో వారం, ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఆన్‌లైన్‌లో ఏం చేస్తుంటారో ఇష్టమైనవాళ్లు చెప్పమన్నాను. కామసముద్రం నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఒక అమ్మాయి లేచింది. వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, అప్పటిదాకా పది మాటలు కూడా మాట్లాడి ఉండదు. తను వీడియోలు పెడుతుందట. ముఖం కనబడదు, ఉల్లిపాయలు తరిగే చేతులే కనిపిస్తాయి. వెనక మాత్రం వాళ్లమ్మ తిట్లు తనే అనుకరిస్తుంది, అచ్చం వాళ్లమ్మ గొంతుతో.

"ఏదీ, ఒకటి" అన్నాం.

"పాలు పొంగి పొయ్యి ఆరిపోతా ఉంటే ఫోన్లో ఏం ఎతుకుతా ఉండావే? పాలగిన్నె దాంట్లో ఉండాదా?"

పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ వీడియోలు ఎంతోమంది చూస్తున్నారట. అమ్మకు తెలిస్తే ఏమవుతుందని ఒకరడిగారు. "ఫోన్ బాయిలో పడతాది" అంది.

ఆ శనివారమే, ఇంటికి వెళ్లే బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. మార్కెట్లో టమాటాలు దించేసి ఖాళీ బుట్టతో వెళ్తోంది. ఆ అమ్మాయి తల్లే! అడ్మిషన్ రోజున చూసిన ముఖం.

"టీచరమ్మా, మా బిడ్డి ఎట్ల చదువుతా ఉండాది? ఇంట్లో నోరే తెరవదు" అంది.

మా వైపు బస్సుల్లో తల్లి అలా అడిగితే "బాగా చదువుతోంది" అని ఊరుకోకూడదు. ఊరుకుంటే పిల్ల పరీక్ష తప్పిందేమోనని దిగులు పడతారు. పొగడ్త కనీసం రెండు స్టాపుల దాకా సాగాలి. నేను మొదలుపెట్టాను. బంగారుపేట చేరేలోగా చేతులు, ఉల్లిపాయలు, పాలగిన్నె, అన్నీ చెప్పేశాను.

మొదట ఆమె నవ్వింది. తర్వాత అడిగింది: "నా మాటలా? ఎవురెవురు ఇన్నారు?"

ఎర్ర సిరా అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఏదో నసిగాను. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. బంగారుపేటలో "వస్తాను టీచరమ్మా" అని మాత్రం అని దిగిపోయింది.

తర్వాతి క్లాసులో అందరి ముందూ జరిగింది చెప్పి, ఆ అమ్మాయిని క్షమించమని అడిగాను. ఆమె లేచి నిలబడింది.

"మా అమ్మ ఫోన్ పెరుక్కోలేదు మేడం. తిట్టేది నిలిపేసినాది."

"మంచిదే కదా!" అని వెనక నుంచి ఎవరో నవ్వారు.

ఆమె నవ్వలేదు. "నిన్న నావల్ల పాలు పొంగినా ఏమీ అనలేదు. గుడ్డ తీసుకొని తుడుచుకుంటా, 'ఈ గిన్నె కొంచెం దించమ్మా' అనింది, టీవీలో వార్తలు చదివే ఆమె మాదిరి. నేను ఫోన్ ముడితే చాలు, లేచి బయటికి పోతాది. మీరు చెప్పింది తప్పే మేడం. అయితే నేనూ మా అమ్మను అడగలేదు కదా" అంది. తల దించుకుని కూర్చుంది.

నాకు ఏడుపొచ్చింది. నేను రాసుకొచ్చిన పాఠం ఆ రోజు మొదలుపెట్టనే లేదు.

ఆ సాయంత్రమే తల్లి పక్కన కూర్చుని, ఆమె చూస్తుండగా వీడియోలన్నీ డిలీట్ చేసిందట. "ఉండనీలేమ్మా" అందట తల్లి, అదే మర్యాద గొంతుతో. పిల్లకు మరింత భయం పట్టుకుంది. ఆ తర్వాత నాలుగు వారాలు, ఆ అమ్మాయి గుమ్మంలో కనబడగానే క్లాసంతా ఒకటే ప్రశ్న.

"తిట్టిందా?"

"ఇంగా లేదు."

సొంత పిల్లల పరీక్ష ఫలితాలకు కూడా నేను అంత ఎదురుచూడలేదు.

ఒక మంగళవారం పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. జడ సగమే అల్లి ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఈ పొద్దు తిట్టినాది మేడం! బస్సు ఎక్కేదాకా ఎనకంటి వచ్చి తిట్టినాది!"

బెంచీలు దద్దరిల్లాయి. అందరికంటే ముందు నేనే కుర్చీలోంచి లేచాను.

"ఏమనింది? చెప్పు, చెప్పు!"

ఆమె మా అందరి వైపూ ఒకసారి చూసి, తన చోట కూర్చుని నోట్‌బుక్ తెరిచింది.

"చెప్పను మేడం" అంది నవ్వుతూ.