ఏటి పిట్టలకు ఎవ్వలు నేర్పలే

తల్లి పిట్ట పిల్లకు వేట నేర్పుతుందని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. బొమ్మ కూడా వేస్తారు: ముందు తల్లి, వెనక పిల్ల, తల్లి ముక్కున చేప. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రాసినవాళ్ళు ఒక్క ఎండాకాలం గోదావరి ఇసుకలో కూర్చుని ఉంటే అలా రాయరు. నేను కూర్చున్నాను.

పోలీసు చర్య అయిన మూడో ఏడు అది. పెద్దపల్లి నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం చేస్తే గోదావరి ఒడ్డున మా ఊరు వస్తుంది. మాది చేపలు పట్టే కులం. అవ్వా బాపులకు, అంటే అమ్మా నాన్నలకు, నేనొక్కదాన్నే పిల్లను, నాకప్పుడు పన్నెండేళ్ళు. చలి వెనకపట్టే రోజుల్లో బాపు ఒడ్డు మీద బండ జారి పడి కుడి చెయ్యి రెండు చోట్ల విరగ్గొట్టుకున్నాడు. మొదట వేసిన కట్టు సరిగ్గా అతకలేదని విప్పి మళ్ళీ కట్టారు. వానలు పడేదాకా ఆ చేత్తో ఏ పనీ చెయ్యొద్దన్నాడు కట్టు కట్టినాయన. ఆ మాట విని అవ్వ ఏడ్చింది. ఏడ్చింది చేతి కోసం కాదు, వంతు కోసం.

ఎండాకాలం గోదావరి సన్నబడి మడుగులుగా విడిపోతుంది. మా ఊరి మడుగులో కులపోళ్ళకు ఇంటికో రోజు చొప్పున వంతు ఉండేది. దానికి ఒకటే కట్టుబాటు. మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చేలోగా ఆ ఇంటి వల మడుగులో పడాలి. పడకపోతే వంతు పక్క ఇంటికి పోతుంది, మళ్ళీ రాదు. మాకు భూమి లేదు. ఆ వంతే మా భూమి.

వల ఎవరు వేస్తారు? ఆడది వల ముట్టకూడదు, దాటకూడదు. ముడితే మైల. ఆ వలకు జనుపనార దారం వడికేది మాత్రం అవ్వే. దారంగా ఉన్నంతసేపు లేని మైల వల కాగానే ఎక్కడి నుంచి వచ్చేదో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

ఇల్లు గడవడానికి నది నడుమ తేలిన ఇసుక దిబ్బ మీద పుచ్చతీగలు పెట్టాం. నక్కలూ కాకులూ రాకుండా పగలంతా కాపలా నాది. దిబ్బ రెండో కొసన ఏటి పిట్టలు గుడ్లు పెట్టుకున్నాయి. బూడిదరంగు ఒళ్ళు, నల్లటి తల, పసుపు ముక్కు, చీలిన తోక. దగ్గరికి పోతే నెత్తి మీద పొడిచేవి. తట్ట బోర్లించుకుని పోయేదాన్ని.

ఒక గూడును నేను వదలకుండా చూశాను. గూడంటే ఏమీ లేదు, ఇసుకలో చిన్న గుంట. మూడు పిల్లలు. కదలకపోతే ఇసుకకూ వాటికీ తేడా తెలిసేది కాదు. తల్లీ తండ్రీ వేలెడంత చేపలు తెచ్చి నోట్లో పెట్టేవి. రెక్కలొచ్చాక పిల్లలు వాటి వెనకే అరుచుకుంటూ తిరిగాయి. ఇప్పుడు నేర్పుతాయి, ఇప్పుడు నేర్పుతాయి అని నేను ఎదురుచూశాను. ఎక్కడ? పెద్దవి వాటి పాటికి అవి నీళ్ళలోకి దూకి చేప పట్టుకొచ్చేవి. పిల్లలకు పెడితే పెట్టేవి, లేదంటే వాటి ముందే మింగేవి. రోజులు గడిచేకొద్దీ పెట్టడం తగ్గింది. అంతకు మించి చదువేమీ చెప్పలేదు.

పిల్లలే ఏవేవో చేశాయి. ఒకటి నేను పారేసిన పుచ్చతొక్కను నీటి మీంచి ఎత్తుకుపోయి పైనుంచి వదిలింది. అది నీళ్ళలో పడకముందే మళ్ళీ అందుకుంది. పొద్దంతా అదే పని. ఆ తర్వాత పుల్లలు, ఆకులు. తర్వాత నిజంగా దూకడం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చి భయపడి పైకి పోయేది. ఒకసారి పొట్ట నీటికి చరుచుకునేలా పడి, ముక్కున నాచు పట్టుకుని లేచింది. చేప పైకి కనిపించిన చోట ఉండదు, కాస్త లోపలికి, పక్కకి ఉంటుంది. ఆ సంగతి దానికి ఎవరు చెప్పారు? తప్పి తప్పి తెలుసుకుంది. మొదటి చేప దొరికిన రోజు దాన్ని గాల్లోనే జారవిడుచుకుంది. నేను గట్టిగా తిట్టాను దాన్ని.

మూడింట్లో ఒకటి దూకనే లేదు. ఇసుక అంచున నోరు తెరుచుకుని కూర్చునేది. పెద్దవి రావడం మానేశాక కూడా అలాగే కూర్చుంది. ఒకరోజు పొద్దున పోతే లేదు. ఆ రోజు నేను చాలా ఏడ్చాను. ఏడుస్తూనే అనుకున్నాను, నేనైతే నోరు తెరుచుకుని కూర్చోను అని.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు సముద్రం చూశాను. అక్కడా ఇలాంటి పిట్టలే, పిల్లలవి అవే పాట్లు. మా మడుగు నీళ్ళకు నిలకడైనా ఉంది, ఆ అలలకు అదీ లేదు. అక్కడా ఎవరూ నేర్పుతున్నట్టు కనిపించలేదు.

ఆ ఎండాకాలమే, అవ్వ కూలికి పోయాక, బాపు కునుకు తీసేవేళ, చూరుకు వేలాడే వల దింపుకుని దిబ్బ మీదికి పోయాను. విసురువల అది. తాడు కొస ఎడమ మణికట్టుకు కట్టుకోవాలి, కొంత వల మోచేతి మీద వేసుకోవాలి, అంచున ఉన్న ఇనుప గుండు ఒకటి పళ్ళ మధ్య పట్టుకోవాలి. చెయ్యి తిప్పి విసిరినప్పుడే నోరు తెరవాలి. బాపు చేస్తుంటే వెయ్యిసార్లు చూశాను కాబట్టి వచ్చేసిందనుకున్నాను. ముందు ఇసుక మీద, పుచ్చకాయలే చేపలనుకుని వేశాను. మూడో రోజు నోరు తెరవడం మరిచాను. ముందు పన్ను సగం విరిగి వలతో పాటే పోయింది. అవ్వకు జారిపడ్డానని చెప్పాను.

మిరుగం ఇంకా నాలుగు రోజులుందనగా మా ఇంటి వంతు రోజు వచ్చింది. మడుగు దగ్గరికి కులపోళ్ళంతా చేరారు, మా వంతు పోవడం చూడ్డానికే. కట్టుచేత్తో బాపు ఒడ్డున తల వంచుకుని కూర్చున్నాడు. నేను వల భుజాన వేసుకుని వచ్చాను.

అవ్వ నా జబ్బ పట్టుకుంది. “నీకేమన్న పిచ్చి లేసిందానే? నలుగుట్ల మన ఇజ్జత్ పోతది!”

“వంతు పోతే ఇజ్జత్ ఉంటదా అవ్వా?” అన్నాను.

కులపెద్ద కర్ర ఇసుకలో గుచ్చి బాపు వైపు చూశాడు. “ఏందిరా గిది? ఆడివిల్ల వలేస్తదా?”

బాపు తల ఎత్తేలోపు నేనే మాట్లాడాను. “ఇంటి వల పడాలె అన్నరు గదా తాతా. మొగోని వల పడాలె అన్నరా?”

కట్టుబాటులో ఆ మాట లేదు, నిజంగానే లేదు. నేను మోకాలి లోతు నీళ్ళలోకి దిగి విసిరాను. గాలికి వల ముద్దగా పడింది. అందరూ నవ్వారు.

“గది పడుడు కాదు, పారేసుడు,” అన్నాడు పెద్దాయన. “వల విచ్చుకోవాలె.”

తడిసిన వల నా కంటే బరువుగా ఉంది. మళ్ళీ సర్దుకుని, గాలికి వీపు పెట్టి, నడుం తిప్పి విసిరాను. గుండ్రంగా విచ్చుకుని గుండ్లన్నీ ఒక్కసారి చప్పుడు చేసుకుంటూ పడ్డాయి. ఎవరూ నవ్వలేదు.

“ఎవలు నేర్పిండ్రే నీకు?” పెద్దాయన గొంతు మారింది. నేర్పినవాడెవడో తెలిస్తే జరిమానా వేస్తాడు, ఆ చూపు బాపు మీదే ఉంది.

“ఎవ్వలు నేర్పలే. నేనే నేర్సుకున్న.”

వంతు నిలుపుకుని ఇంటికి వచ్చాక వలను మూలన పడేశాను. బాపు దాని వైపు చూసి, “నీ వల గట్ల ముద్దజేసి పెట్టకు. ఎండల ఆరెయ్యి, లేకుంటే మురుగుతది,” అన్నాడు. నేను పుట్టినప్పటి నుంచి అది బాపు వల. నేను బయటికి పోయి ఆరేసి, దాని పక్కనే కూర్చుని ఏడ్చాను.

బాపు చెయ్యి మళ్ళీ పూర్తిగా లేవలేదు. మరుసటి ఏడు కులం కూడి కట్టుబాటులో ఒక మాట చేర్చింది: వల వేసేది మగవాడై ఉండాలని. ఒక పదమూడేళ్ళ పిల్లను ఆపడానికి పెద్దలంతా కూర్చుని కొత్త మాట పుట్టించుకోవాల్సి వచ్చింది. మా వంతు రోజున వాళ్ళంతా ఒడ్డున నిలబడి ఆ మాటే మళ్ళీ మళ్ళీ అరిచారు. నేను నడుం లోతుకు పోయి వల విసిరాను. నన్ను ఆపడానికి నీళ్ళలోకి ఒక్కడూ దిగలేదు.