కాటమ్మ కొంగుముడి

ఏ మాట అనబోయినా కాటమ్మ ముందు కొంగుముడి తడుముకునేది. అందులో అనుములు, బొబ్బర్లు, కందులు కలిపి పిడికెడు విత్తనాలుండేవి. ఏటా మంచి కాయలు ఏరి, గింజలకు బూడిద పట్టించి ఉట్టి మీది కుండలో దాచేది. తొలకరికి కొన్ని కొంగున కట్టుకుని చెలకకు పోయేది. ఆ విత్తనం ఆమె అత్త చేతి నుంచి వచ్చింది.

పోలీసు చర్యకు ముందటి ఏడు, సూర్యాపేటలో ఆముదాల ధర పెరిగిందని పటేలు తన చెలకల్లో ఆముదం తప్ప మరో గింజ పడగూడదన్నాడు. కాటమ్మ పంటలో పాలుకు చేసే నాలుగెకరాలూ పటేలువే. ఆమె ఆముదమే వేసింది, కాని సాళ్ల నడుమ కొంగుముడి కూడా విప్పింది. మొలకలు జానెడు లేచాక పటేలు జీతగాడు మైసయ్య వచ్చాడు. "పీకెయ్యి అక్కా. ఆయన సూస్తే నా ఈపు పగుల్తది." కాటమ్మ కొంగు తడుముకున్నది. "ఆముదం వండుకుని తింటమా తమ్మీ?" "తింటే సస్తం. అమ్మి జొన్నలు కొనుక్కోమన్నడు." "ఆయన ధరకు అమ్మి, ఆయన ధరకే కొనుడా?" మైసయ్య నవ్వబోయి, వంగి మొదటి మొలక పట్టుకున్నాడు. పొద్దుగూకేదాకా ఇద్దరూ చెరో సాలు పట్టి పీకారు. నాటడానికి ఎక్కడా చోటు లేకపోయినా ఆమె ప్రతి మొలకనూ వేరు తెగకుండా తీసింది.

మరునాడు పొద్దున్నే కుండ దించి, బూడిద కడిగి, మిగిలిన విత్తనాలన్నీ ఉడకేసింది. మోదుగాకులో గుగ్గిళ్లు మైసయ్య గుమ్మం దాకా తీసుకుపోయి, కొంగు తడుముకోకుండానే అన్నది: "తిను తమ్మీ. ఇవి ఇగ మొలవయి."