గీతకి అంగుళం కింద

మనిషి మారాడని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒకటే: మారకుండా ఉండే వీలుందా ఆ మనిషికి? మా ఆయన తాగుడు మానేసి ఏడేళ్లయింది. మస్కట్ శివారు మబేలాలో మా ప్రార్థన సహవాసం వాళ్లు ఇప్పటికీ దాన్ని సాక్ష్యంగా చెప్పుకుని స్తోత్రం చేస్తారు. నేనూ "స్తోత్రం" అంటాను, పెదవులతో. మబేలాలో మందు మానడం ఎడారిలో ఈత మానడం లాంటిది. మా వీధి కిరాణా కొట్లో దొరికేది డబ్బాల్లో మాల్టు డ్రింకు, పైనాపిల్ వాసనది. ఆల్కహాల్ సున్నా అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. దాన్ని కూడా నేను ఇంట్లోకి రానివ్వలేదు. ఆ డబ్బా తెరిచిన చప్పుడే నాకు పడదు.

ఆయన మానిన విధానం కూడా గొప్పగా చెప్పుకునేదేం కాదు. పాంక్రియాస్ వాచి, నేను నర్సుగా పనిచేసే ఆస్పత్రిలోనే, నా వార్డులోనే తొమ్మిది రోజులు పడుకున్నాడు. నా కింద పనిచేసే అమ్మాయిలు ఆయనకి సెలైన్ పెడుతూ నా మొహంలోకి చూడకుండా తప్పించుకు తిరిగారు. డిశ్చార్జి అయిన రోజు ఆయన పర్సులోంచి, ఒమాన్‌లో మందు కొనాలంటే చూపించాల్సిన లిక్కర్ లైసెన్సు కార్డు తీసి, కుట్లు విప్పే కత్తెరతో నాలుగు ముక్కలు చేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. నాకు అక్కడే అనుమానం. నిజంగా వదులుకునేవాడు కనీసం నిట్టూరుస్తాడు.

ఇదంతా తవ్వుకోవలసిన అవసరం నిరుడు వేసవిలో వచ్చింది. ఆయన ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. ఆ పోస్టు ఒమానీకి ఇస్తున్నామని, డిసెంబరుతో డ్యూటీ ఆఖరని కంపెనీ వాళ్లు చెప్పేశారు. నా కాంట్రాక్టు ఇంకా రెండేళ్లుంది. ఆయన నా వీసా మీద మబేలా రూమ్‌లో కూర్చుని టీవీ చూడాలి, లేదా నరసాపురం వెళ్లి వాళ్లన్నయ్య ఐసు ఫ్యాక్టరీలో చేరాలి. ఆయన వెళ్తానన్నాడు. నేను వద్దన్నాను. ఆ ఫ్యాక్టరీ గేటు దాటితే ఎడంపక్క ఒక వైన్‌షాపు, కుడిపక్క ఇంకొకటి. అక్కడ ఆయన ఒక్కడూ, ఇక్కడ నేను ఒక్కదాన్నీ. పంపగలనా, లేనా? మూడు నెలలు దీని మీదే కొట్టుకున్నాం.

మా చెల్లెలు అప్పటికి నాలుగేళ్లుగా జర్మనీలో, మ్యూనిక్‌లో ఉంది. అంతకుముందు ఒమాన్‌లోనే, ఇబ్రాలో నర్సు. డ్యూటీ మధ్య దొరికిన పది నిమిషాల్లో ఫోన్ పట్టుకుని జర్మన్ నేర్చుకుని, పరీక్ష పాసై, చెప్పాపెట్టకుండా ఎగిరిపోయింది. అదే ఫోన్ చేసింది.

"అక్కా, ఆ పోట్లాటేదో ఇక్కడికొచ్చి పోట్లాడుకోండి. చల్లగా ఉంటుంది."

వెళ్లాం. దిగిన మధ్యాహ్నమే "పార్కుకి పోదాం పదండి" అంది. పులిహోర, కోడివేపుడు కారేజీలో సర్దింది. పెద్ద పెద్ద చెస్ట్‌నట్ చెట్లు, కింద గులకరాళ్లు, పొడుగాటి బల్లలు, కనీసం వెయ్యి మంది జనం. ఉయ్యాలల్లో పిల్లలు, వీల్‌చైర్లో ముసలమ్మలు, కుక్కలు. ప్రతి ఒక్కరి ముందూ లీటరు పట్టే గాజు మగ్గు.

"ఇది పార్కా?"

"బీర్ గార్డెన్ అంటారక్కా. ఇక్కడ అందరూ కుటుంబాలతోనే వస్తారు."

"కుటుంబాలతో వస్తే అది బారు కాకుండా పోతుందా? మీ బావగారి సంగతి తెలిసి ఇక్కడికి తీసుకొచ్చావా?"

"బావగారి సంగతి బావగారికి తెలుసుగా," అని అది బల్ల మీద గుడ్డ పరిచింది.

అక్కడి పద్ధతి ఒకటి నాకు అసలు మింగుడు పడలేదు. తిండి ఎవరిది వాళ్లు ఇంటినుంచి తెచ్చుకోవచ్చట. తాగేది మాత్రం అక్కడే కొనాలట. వందల ఏళ్లుగా అంతేనట. మస్కట్‌లో ఏ హోటల్లోనైనా మన ఇడ్లీ మనం తీసి చూడండి, బయటికి పంపిస్తారు. ఇడ్లీని రానిచ్చే కొట్టువాడు తాగుడు మీద ఎంత నమ్మకం పెట్టుకుని ఉండాలి! ఉప్పూ కారం ఇంటినుంచి మనమే మోసుకొస్తాం, దాహం వాడు చూసుకుంటాడు. ఆ మాటే అన్నాను. మా చెల్లెలు నవ్వింది. ఎదురుగా మమ్మల్ని అడక్కుండానే వచ్చి కూర్చున్న జంట కూడా నవ్వింది. పరాయివాళ్ల బల్ల దగ్గర అలా కూర్చోవడం కూడా ఆచారమేనట. నాకు వాళ్ల మీదా అనుమానమే.

మా ఆయన కౌంటరుకి వెళ్లి మగ్గు పట్టుకొచ్చాడు. బంగారు రంగు, పైన నురగ. నేను లాక్కుని తాగి చూశాను. ఆపిల్ జ్యూసులో సోడా.

"టెస్టు అయిందా సిస్టరుగారూ? రిపోర్టు ఎప్పుడిస్తారు?" అన్నాడు.

"ఇంకో మగ్గు తెచ్చినప్పుడు."

తెచ్చాడు. అదీ చూశాను.

నాలుగు రోజుల్లో నాలుగు చోట్లకి వెళ్లాం. ఆ ఊళ్లో కూర్చుని మాట్లాడుకోవాలంటే వేరే చోటు లేనట్టుంది. ఒకచోట బీరు అక్కడే కాస్తారు. బల్లల పక్కనే మనిషెత్తు రాగి డేగిసాలు, పెళ్లి వంటల్లో బిర్యానీ డేగిసాల్లాంటివే, తళతళా తోమి ఉన్నాయి. మూత తీసినప్పుడు వచ్చిన వాసన నాకు తెలుసు. మొలకెత్తించి వేయించిన ధాన్యం వాసన. వార్డులో బలం లేని పిల్లలకి మేం కాచిపోసే మాల్టు జావ అలాగే ఉంటుంది. పిల్లలకి పోసే వస్తువుని ఇంత దూరం ఎలా లాక్కొచ్చారో అనిపించింది. గోడ మీద సన్యాసుల బొమ్మలున్నాయి. వాళ్లే ఇక్కడ మొదట బీరు కాచారని, ఉపవాస దినాల్లో అన్నానికి బదులు అదే తాగేవాళ్లని చెల్లెలు చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. మా ముత్తాతకి బాప్తిస్మం ఇచ్చింది జర్మనీ దొర అని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటాం. ఆ దొర మొదట కల్లుకుండ పగలగొట్టించి, తర్వాతే నీళ్లలో ముంచాడట.

"మన ముత్తాత కుండ పగలగొట్టించి, వీళ్లు డేగిసాలు దాచుకున్నారన్నమాట," అన్నాను.

"ఆ దొర ఈ ఊరివాడు కాదక్కా. ఉత్తరాన ఎక్కడో."

"ఎక్కడివాడైతేనేం? ఇప్పుడు దొరికితే అడిగేదాన్ని."

"నీకు దొరికితే పాపం ఆయనే కల్లు తాగేవాడు," అని మా ఆయన గొణిగాడు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

అక్కడ చెల్లెలు మా ఇద్దరికీ ఒక ఫోటో తీసింది. నేను ఆయన మణికట్టు పట్టుకుని ఉన్నాను. ఆ ఫోటో చూసి సహవాసం ఆడవాళ్లు "ఈ వయసులోనూ చూడముచ్చటగా ఉన్నారు" అని మెసేజీలు పెట్టారు. నేను పట్టుకున్నది నాడి. ఆ డేగిసాల పక్కన కూర్చున్నప్పటినుంచీ ఆయన కాలు ఆడిస్తున్నాడు, మాట తగ్గించాడు. తొంభై ఆరు కొట్టుకుంది. పక్కకి వంగి, "ఎంత?" అని అడిగాడు. చెప్పాను. "వాసనకే అంతొచ్చింది. నిజమే," అన్నాడు. దాచకుండా అలా ఒప్పుకునేసరికి నాకు ఇంకా భయం వేసింది.

ఐదో రోజు మధ్యాహ్నం మళ్లీ మొదటి రోజు తోటకే వెళ్లాం. కూర్చోగానే ఆయన అన్నాడు:

"మీ అక్కచెల్లెళ్లిద్దరూ ఒక గంట అలా తిరిగి రండి. నన్ను ఇక్కడ ఒక్కణ్ణీ వదిలెయ్యండి."

"ఎందుకూ?"

"ఏడేళ్ల నుంచి మానింది నేనో, నువ్వో, ఒమానో నాకు తెలీదు. నరసాపురం వెళ్లేలోపు తెలుసుకోవాలి. ఒక మగ్గు తెచ్చి ముందు పెట్టుకుంటాను. అసలుదే. గంట కూర్చుంటాను."

"తాగేవాడు చెప్పే సాకుల్లో ఇంత చదువుకున్నది నేనెప్పుడూ వినలేదండీ."

"సాకైతే నీకూ తెలుస్తుందిగా. నువ్వే చెప్పు, నరసాపురంలో కంటే ఇక్కడ తెలిస్తే మంచిది కాదూ?"

అదీ నిజమే. లేచాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని వాగు గట్టు మీద నడిపించింది. అక్కడ జనం స్నానాల బట్టల్లో నీళ్లలోకి దూకుతున్నారు. నేను ఒక్కళ్లనీ చూడలేదు, వాచీ చూశాను.

"ఏడేళ్లు కాపలా కాశావు అక్కా, అలిసిపోలేదూ?" అంది.

"కాపలా లేకపోతే ఏమయ్యేదో నీకు తెలీదు."

"నీకూ తెలీదు కదా. ఎప్పుడైనా మానేసి చూశావా?"

దాని మీద కోపం వచ్చి వెనక్కి తిరిగాను. ముప్పై ఐదో నిమిషం. దాన్ని గట్టు మీదే వదిలేసి ఒక్కదాన్నే వచ్చి, చెట్టు చాటున నిలబడ్డాను. యాభై మూడేళ్ల దాన్ని, ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు ఉన్న హెడ్ నర్సుని, చెస్ట్‌నట్ చెట్టు వెనక దొంగలా.

ఆయన చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ముందు మగ్గు. నురగ చచ్చిపోయింది. పక్కన ఒక ముసలాయన ముల్లంగి ముక్కలు ఉప్పద్దుకుని తింటున్నాడు. మా ఆయన తల తిప్పకుండానే, "చెట్టు వెనక చీమలుంటాయి, ఇటు రా," అన్నాడు.

వచ్చి ముందు మగ్గు చూశాను. దాని మీద లీటరుకి ఒక గీత ఉంటుంది. బీరు ఆ గీతకి ఒక అంగుళం కింద ఉంది.

"ఇదేంటి?"

"ఏది?"

"ఈ అంగుళం."

"పోసినప్పుడే అంతే ఉంది. నురగ దిగాక తెలిసింది."

"పోసినవాడు లీటరు డబ్బులు తీసుకుని లీటరు పొయ్యడా? జర్మనీ వాడు?"

"నాకేం తెలుసు? వెళ్లి అడుగు."

అడగనా మరి? మగ్గు ఎత్తుకుని కౌంటరుకి వెళ్లాను. పీపా దగ్గర మీసాలాయన ఉన్నాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టాను: మీరు పోసేటప్పుడు ఎక్కడిదాకా పోస్తారు, ఇంతేనా, అని గీత మీద వేలు పెట్టి, బీరు మీద వేలు పెట్టి, మధ్యలో దూరం చూపించాను. ఆయన ఒక్క క్షణం చూశాడు. అయ్యో అన్నట్టు తలూపి, నా చేతిలోంచి మగ్గు తీసుకుని, పంపు తిప్పి, గీత దాటి నురగ పొంగేదాకా నింపి, చిరునవ్వుతో నా చేతిలో పెట్టాడు.

వెనక బోర్డు మీద రాసిందేమిటో తర్వాత చెల్లెలు చదివి చెప్పింది. కొలత తగ్గితే మొహమాటపడకుండా అడగండి, నింపుతాం అని. ఏడేళ్లలో నా చేతికి చిక్కిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని నేనే తీసుకెళ్లి చెరిపించుకుని, నిండు మగ్గుతో తిరిగొచ్చాను. తాగుబోతు మొగుడికి బీరు మోసుకొచ్చిన భార్యలా.

మా ఆయన నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ఏడేళ్లలో అంత నవ్వు నేను చూడలేదు. ఆయన కళ్లలో నీళ్లొచ్చాయి. నాకు ఏడుపొచ్చింది.

చెల్లెలు పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను ఊరుకుంటానా? "ఆ ముసలాయన్ని అడుగు, ఈయన తాగాడా లేదా," అన్నాను. అది సిగ్గుతో చచ్చిపోతూ అడిగింది. ఆయన ముల్లంగి నమిలి మింగి, నిదానంగా ఏదో అన్నాడు.

"ఏమంటాడు?"

చెల్లెలు నావైపు చూడకుండా చెప్పింది. "పక్కవాడి మగ్గు చూసే అలవాటు తనకి లేదట అక్కా."

మా ఆయన నిండు మగ్గుని ముసలాయన ముందుకి జరిపాడు. ఆ పెద్దమనిషి లేచి నిలబడి మరీ దండం పెట్టినంత పని చేశాడు.

మస్కట్ వచ్చాక రెండు వారాలు నేను ఆ ఊసెత్తలేదు. ఒక శుక్రవారం పొద్దున్న, ఆరాధనకి తయారవుతూ, అద్దంలోంచే అడిగాను.

"ఆ అంగుళం మీరు తాగారా?"

"లేదంటే నమ్ముతావా?"

"నమ్మను."

"తాగానంటే?"

"వెంటనే నమ్ముతాను."

"మరి నేను ఏం చెప్పాలి?" అని చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ నిలబడ్డాడు. వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. ఆయన ఏం చెప్పినా సరిపోదని నాకు అప్పుడే, పిన్ను నోట్లో పెట్టుకుని కొంగు మడతపెడుతుండగా తెలిసింది. ఇంకో ఏడేళ్లు కూర్చోబెట్టినా సరిపోదు. అంగుళం కాకపోతే ఇంకేదో దొరుకుతుంది నాకు.

టికెట్ నేనే తీశాను, ఒక వైపుది. సహవాసంలో ఒకావిడ, "తొందరపడుతున్నారేమో, ఒక్కణ్ణీ పంపిస్తే..." అంది. ఇన్నాళ్లూ నేను అన్న మాటే. అయినా ఆవిడ నోట వినేసరికి కోపం వచ్చింది. "మా ఆయన సంగతి నేను చూసుకుంటాను, మీ ప్రార్థన మీరు చేసుకోండి," అన్నాను. ఇంటికొచ్చాక నేను ఆయన పక్షాన మాట్లాడానని గుర్తొచ్చి నాకే వింతగా అనిపించింది.

ఎయిర్‌పోర్టులో ఆయన అన్నాడు, "రోజూ వీడియో కాల్ చేస్తాను. నా కళ్లు చూసుకుందువుగాని."

"వీడియో వద్దు. మామూలు ఫోన్ చాలు."

ఆయన అంత సంతోషంగా లోపలికి వెళ్తాడని నేననుకోలేదు.

ఐదు వారాలైంది. రోజూ సాయంత్రం ఐసు దిమ్మల చప్పుడు మధ్యలోంచి ఫోన్ చేస్తాడు. కళ్లలో కంటే గొంతులో తేడా పట్టడం నాకు బాగా వచ్చునని ఆయనకి చెప్పలేదు. ఇప్పటికైతే గొంతు మామూలుగానే ఉంది. నిన్న రెండు మాటలు ఎక్కువ మాట్లాడాడు. ఎందుకో అడగాలనుకున్నాను. అడగలేదు.