మల్లమ్మ కూతురి ముఖం

ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచి, ఇంకేదో మాట్లాడి ఊరుకున్నాను. చనిపోయిన కూతురి ముఖాన్ని ఒక తల్లి మనసులోంచి నేను చెరిపేశాను. దీన్ని దొంగతనం అనాలా? ఇంకేదైనా పేరుందా? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పటికి నాకు ముప్ఫై ఏళ్లు నిండలేదు. నైజాం పాలన పోయి కొన్నేళ్లే అయింది. సంగారెడ్డి బజారులో ఒక గది కిరాయికి తీసుకుని దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణి. ఉర్దూ పక్కన తెలుగు కూడా రాయించుకుంటున్న కాలం కనుక పనికి కొదవ లేదు. కానీ నన్ను నేను బోర్డులు రాసేవాడిగా ఏనాడూ అనుకోలేదు. హైదరాబాదులో రెండేళ్లు ఒక గురువు దగ్గర ఆయిల్ రంగులతో మనుషుల బొమ్మలు వేయడం నేర్చుకున్నాను. ఆ మాట గది బయట పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్నాను.

దాన్ని ఎవరో చదివి చెబితే వచ్చింది మల్లమ్మ. కొండాపూర్ దగ్గర పల్లె. సేద్యం చేసుకునే మనిషి, యాభై ఏళ్లుంటాయి. ఒక్కగానొక్క కూతురు సత్తెమ్మ కాన్పులో పోయింది. పసిపిల్ల మాత్రం బతికింది. సత్తెమ్మకు ఒక్క ఫొటో కూడా లేదు.

"పిల్లకు తల్లి మొఖం సూపియ్యాలె కొడుకా. నేను చెప్త, నువ్వు గియ్యి" అంది.

నాతో కాదని చెప్పవలసింది. చెప్పలేదు.

నాలుగు వారాలు, అంగడి రోజున వచ్చి నా ముందు కూర్చుంది. కళ్లు మూసుకుని చెప్పేది. చిన్న నుదురు. దట్టమైన కనుబొమలు. గడ్డం కింద పుట్టుమచ్చ. నవ్వితే పై పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి కనిపించేదట. చెబుతూ చెబుతూ తన బుగ్గ మీద తనే వేళ్లు ఆనించి, ఎముక ఇక్కడ ఎత్తుగా ఉంటుందని చూపించేది. నేను గీసేవాణ్ణి, చెరిపేవాణ్ణి. ఒక్కసారైనా సత్తెమ్మ కాగితం మీదికి రాలేదు.

ఐదో వారం ఆమె రాకముందే ఆ పని చేశాను. నేర్చుకునే రోజుల్లో గురువుగారి ఇంట్లో మా కోసం కూర్చున్న ఒక యువతి బొమ్మ నా దగ్గర ఉంది. ఆమె పేరైనా నాకు తెలియదు. నేను వేసిన వాటిలో అదే బాగా కుదిరింది. దానికి గడ్డం కింద మచ్చ పెట్టాను. ముక్కుపుల్ల పెట్టాను. చీరను సత్తెమ్మకు ఇష్టమైన ఆకుపచ్చకు మార్చాను.

మల్లమ్మ చాలాసేపు చూసింది. దగ్గరికి వచ్చింది, మళ్లీ దూరం జరిగింది.

"గీమె నా బిడ్డ కాదు కొడుకా."

"నువ్వు చెప్పినట్టే గీసిన గదమ్మా. మచ్చ సూడు, చీర సూడు."

"మచ్చ ఉన్నది. గని మొఖం మా సత్తెది కాదు."

అక్కడైనా ఆగవచ్చు. కానీ నాకు కోపం వచ్చింది. పట్టుబడ్డవాడికి వచ్చే కోపం.

"ఆమె పోయి రెండేండ్లాయె. ఏడ్సి ఏడ్సి నువ్వే మరిచిపోయినవ్. బొమ్మల తప్పు లేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"కన్నదాన్ని, నేను మరిచిపోతనా?" అంది. నన్ను కాదు, తనను తానే ప్రశ్నించుకుంది. తర్వాత నెమ్మదిగా, "ఏమో, మరిచిపోయిన గావచ్చు. నువ్వు సదువుకున్నోనివి" అని, బొమ్మను పాత చీరలో చుట్టి, బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఐదేళ్ల తర్వాత ఆ పల్లెకే బడి గోడ మీద పేరు రాయడానికి వెళ్లవలసి వచ్చింది. మల్లమ్మ నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. గోడకు బొమ్మ, దానికి బంతిపూల దండ. ఏడేళ్ల మనవరాలు దాని కింద నిలబడి, బొమ్మలో ఉన్నట్టే చెవుల మీదికి జుట్టు దించి దువ్వుకుంటోంది. ఎవరో తెలియని మనిషికి ఆ పిల్ల పొద్దున్నే దండం పెట్టుకుని బడికి పోతుందట.

"నువ్వన్నదే నిజం కొడుకా" అంది మల్లమ్మ, నాకు జొన్నరొట్టె పెడుతూ. "నేనే మరిచిపోయిన. ఇప్పుడు కండ్లు మూసుకుంటే గీ మొఖమే వస్తది."

ఆ రొట్టె తిన్నాను. బాగుందని కూడా అన్నాను. నిజం చెబితే ఆమెకు ఈ ముఖమూ పోతుంది, పాతదీ తిరిగి రాదు, అందుకే ఊరుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది జాలేనా? లేక భయానికి నేను తొడిగిన మంచి చొక్కానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి మాత్రం తెలుసు. కళ్లు మూసుకుంటే ఆ బొమ్మలోని ముఖమే వస్తుందని ఆమె అన్నప్పుడు, ఆ క్షణాన కూడా, నాలోని చిత్రకారుడు కొంచెం సంతోషించాడు.

మల్లమ్మ పోయి చాలాకాలమైంది. పెళ్లయి వెళ్తూ మనవరాలు ఆ బొమ్మను అత్తవారింటికి తీసుకుపోయిందని విన్నాను. ఏ ఊరో అడిగితే చెప్పేవారే. నేను అడగలేదు.

ఆ బొమ్మలో ఉన్నది సత్తెమ్మ కాదు. ఆ రోజు మల్లమ్మ ఏదీ మరిచిపోలేదు. నేనే అబద్ధం ఆడాను. ఈ మూడు మాటలు ఇన్నేళ్లలో మొదటిసారి కాగితం మీద పెట్టాను. ఆమె లేదు, క్షమించమని ఇక ఆమెను అడగలేను. అయినా రాసి, ఒకసారి పైకి చదువుకున్నాను. చివరిదాకా చదివాను.