పద్మనాభ తాగని కల్లు

పద్మనాభకు "కాదు" అనడం రాదు. ఎవరేమన్నా "ఆమాం" అంటాడు. అరవంలో అవునని అర్థం. రాజపాళయం తెలుగువాళ్లందరి నోటా ఆ మాట ఉంటుంది గానీ, పద్మనాభ నోట అది తప్ప మరోటి లేదు.

బ్యాండేజీ గుడ్డ నేసే మిల్లులో సూపర్‌వైజరు. ఒకసారి చోళపురం బస్సులో ఎవరో "మీరు రాఘవన్ తమ్ముడే కదా?" అన్నారు. "ఆమాం" అన్నాడు. ఆ పెద్దమనిషి ఆయన్ని పెళ్లికి లాక్కెళ్లి, పెళ్లికొడుకు చిన్నాన్న పక్కన కూర్చోబెట్టాడు. ఇంటికొచ్చిన మొగుణ్ని చూసి అభిరామి బిత్తరపోయింది.

"మెడలో ఆ మాలేంది?"

"వాళ్లు ఏసినారు."

"మీరెవరో చెప్పలేదా?"

"పాపం, అంత సంతోషంగా ఉండారు. ఎట్ల చెప్పేది?"

కడుపునొప్పి వచ్చేదాకా ఇవన్నీ నవ్వుకునే సంగతులే. కుడి డొక్క కింద మొదలై వీపుకు పాకేది. టీ కొట్టాయన గ్యాసన్నాడు. ఆమాం అని సోడా తాగాడు. ఒక ఉదయం వాంతులతో మెలికలు తిరుగుతుంటే అభిరామి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. పిత్తాశయంలో రాళ్లున్నాయి. ఒకటి జారి నాళానికి అడ్డం పడింది, దాంతో క్లోమం వాచింది.

"కల్లుదాన్ కారణం," అంది డాక్టరమ్మ. అరవంలో కల్లంటే రాయి, రాయే కారణమని ఆమె మాట. తలుపవతల నిలబడ్డ బావమరిది శంకర చెవిలో మాత్రం అది తెలుగు కల్లయి దూరింది. సాయంత్రానికి ఊరంతా పాకింది, పద్మనాభ దొంగచాటుగా తాగుతాడని. కల్లు దొరకని ఊళ్లో ఆయనకెక్కడ దొరికిందని ఇద్దరు ముగ్గురు అడ్రసు కూడా అడిగారు.

ఆయన జన్మలో చుక్క ముట్టలేదు.

మిల్లులో బేళ్లు మోసే పాండిసెల్వం ఆసుపత్రికి చూడ్డానికి వచ్చాడు. వాడు రోజూ బ్రాందీ తాగేవాడే. మంచం పక్కన నిలబడ్డాడు.

"అన్నా, మీరూనా? తాగితే ఇట్లయితాదా?"

పద్మనాభ ఒకసారి భార్య వైపు చూశాడు. "ఆమాం," అన్నాడు.

వాడు వెళ్లాక అభిరామి ఏడ్చినంత పని చేసింది. "ఎందుకట్ల చెప్పినారు? నాకు తల ఎత్తుకోనీకి లేదే!"

వాపు తగ్గగానే పిత్తాశయం తీయించుకోవాలి, ఆలస్యమైతే మళ్లీ వస్తుంది అంది డాక్టరమ్మ. ఆమాం అన్నాడు. అశుభమైన ఆడిమాసంలో కోతలేంది, నెల పోయిన తరువాత చేయించుకో అంది పిన్ని. దానికీ ఆమాం అన్నాడు. అభిరామి కూడా అడ్డు చెప్పలేదు.

ఆడి పోకముందే నొప్పి వచ్చింది. ఈసారి మదురై తీసుకెళ్లారు. పదకొండో రోజున ఆయన పోయాడు. నేనన్నా కాదనుంటే అని అభిరామి రోజూ గోడతో చెప్పుకునేది.

పదహారో దినానికి చుట్టాలంతా వచ్చారు. ఆ రోజు అందరికీ చదివి వినిపించి మొగుడి పేరుకంటిన మచ్చ కడగాలని ఆమె స్కాన్ కాగితం తీసి పెట్టుకుంది. లేచేలోగా పాండిసెల్వం పెళ్లాం జెన్సి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, అన్న చెప్పిన దినం నుంచి మా ఇంటాయన తాగలేదు. నిజంగా తాగుతారా అని అన్నను నేను అడిగినాను. 'నేను తాగలేదంటే వాడు మళ్లీ తాగబోతాడమ్మా, ఉండనీ' అన్నారు."

ఆ రోజు ఆసుపత్రిలో ఆయన తనవైపు ఎందుకు చూశాడో అభిరామికి అప్పుడు తెలిసింది. కాగితం మడిచి నడుమున దోపుకుంది.

అంతలో పాండిసెల్వమే దగ్గరికొచ్చాడు. "వదినా, అన్న తాగనేలేదని ఎవరో అంటావుండారు. నిజం చెప్పండి."

"తాగేవారు."

"ఎంత?"

అభిరామి కల్లును కంటితో చూసి ఎరగదు. "దినామూ రెండు చెంబులు. కాపీకి ముందే."

పాండిసెల్వం నోరు తెరిచాడు. "ఏమన్నా కలుపుకునేవారా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "చక్కెర," అంది.

వాడు చాలాసేపు ఆమె ముఖంలోకే చూశాడు. తర్వాత వచ్చే నవ్వు ఆపుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు.

"నేనింక ముట్టను వదినా," అన్నాడు.