బంక కలపని రంగు

నా తమ్ముడు ఫిల్మ్ నగర్‌లో లైట్‌మ్యాన్. నేను సెట్లకు రంగులేసేవాణ్ణి. బోరబండ నుంచి ఇద్దరం ఒకే బండి మీద పనికి వెళ్ళేవాళ్ళం. ఔట్‌డోర్ షూటింగ్ అంటే లైట్‌మ్యాన్లను ఎప్పుడూ రైల్లోనో వ్యానులోనో పంపుతారు. ఆ ఒక్కసారి హీరో డేట్లు అయిపోతున్నాయని అందరినీ విమానం ఎక్కించారు. "కిటికీ పక్కన సీటిచ్చిండ్రన్నా!" అని తమ్ముడు ఫోన్‌లో మురిసిపోయాడు. ఆ విమానం కూలిపోయింది. ఒక్కరూ మిగల్లేదు.

పోయినవాళ్ళకు ఫిల్మ్ నగర్‌లోనే స్మారకం పెడతామన్నారు. సినిమావాళ్ళ సంఘం పెద్ద, జూబ్లీ హిల్స్‌లో ఉండే ఒక నిర్మాత, ఆ పని నెత్తికెత్తుకున్నాడు. గ్రానైట్ రాయి సమయానికి రాలేదు. ఆవిష్కరించే ఇంకో పెద్ద హీరో డేటు మాత్రం ఖాయమైపోయింది. మావాళ్ళు డేటు దొరికితే పెళ్ళికూతురు లేకున్నా పెళ్ళి చేసేస్తారు. చెక్క మీద ప్లాస్టర్ పూసి గ్రానైట్‌లా రంగు వేయమని నాకే చెప్పారు. అసలు రాయి తర్వాత పెడతారట.

రాయాల్సిన పేర్ల కాగితం ఇచ్చారు. అచ్చం సినిమా టైటిల్స్ వరసే. మొదట పోయిన హీరో, తర్వాత దర్శకుడు, కెమెరామ్యాన్. చివర్లో "మరియు ఇతర సిబ్బంది". ఆ ఇతర సిబ్బంది నలుగురు, వాళ్ళలో నా తమ్ముడొకడు. దాని కింద అందరికంటే పెద్ద అక్షరాల్లో సంఘం పెద్ద పేరు.

ఆయన ఇంటికి వెళ్ళాను. "నలుగురే గదా సార్. జర వాళ్ళ పేర్లు గూడ రాయనియ్యుండ్రి."

"చోటు లేదయ్యా. అయినా టైటిల్స్‌లో మీవాళ్ళ పేర్లు ఎవడు చదువుతాడు?" అన్నాడు, చేతిలో ఫోన్ మీంచి తలెత్తకుండా.

ఒళ్ళు మండిపోయింది. "సరే సార్" అని వచ్చేశాను.

పలక కింది సగంలో నలుగురి పేర్లూ నీళ్ళకు చెదరని ఎనామిల్ రంగుతో రాశాను. తమ్ముడి పేరు వంకర పోయిందని తుడిచి మళ్ళీ రాశాను. ఆరాక వాటి మీద నల్ల పొడిరంగు నీళ్ళలో కలిపి పూసి, "ఇతర సిబ్బంది"నీ ఆయన పేరునీ తెల్ల పొడిరంగుతోనే రాశాను. పొడిరంగులో బంక కలపకపోతే వానకు నిలవదు. నేను కలపలేదు.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. ఆయన తన పేరు పక్కన నిలబడి ఫోటోలు దిగాడు. నేను మబ్బుల కోసం చూస్తూ కూర్చున్నాను. ఏ రైతూ అంతగా చూసి ఉండడు.

ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. గొడుగు లేకుండా వెళ్ళి పలక ముందే నిలబడ్డాను. ఆయన పేరు కారి కారి మోరీలో కలిసింది. నలుగురి పేర్లూ బయటికొచ్చాయి. కడుపు చల్లబడింది, ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. అక్కణ్ణుంచే నలుగురి ఇళ్ళకూ కబురు పంపాను.

సాయంత్రం ఆయన ఫోన్. "ఏంటయ్యా ఈ పని? వెంటనే చెరిపెయ్!"

"నలుగురి అమ్మలు గీడనే కూసున్నరు సార్. మీరే వచ్చి వాళ్ళ ముంగట చెరపుండ్రి."

ఆయన రాలేదు. అసలు రాయి కూడా ఇంతవరకూ రాలేదు. ఏటా విమానం కూలిన రోజున మాత్రం వస్తాడు, కెమెరాలుంటాయి కనుక. మైకులో పేర్లన్నీ ఆయనే చదవాలి. నా తమ్ముడి పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తాడు.

"సార్, జర గట్టిగ" అంటాను వెనక నుంచి.