వీడియోలో నాన్న మోచెయ్యి

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్న టిఫిను అవ్వగానే నాన్న రిమోట్ నా చేతికిచ్చేవారు. నా ఉద్యోగం ఒక్కటే. ఆయన "ఆపు" అనగానే ఆపాలి.

సింగపూర్‌లో, బుకిట్ బటోక్ పేటలో మా ఫ్లాటు. హాల్లో టీవీ ముందు ముక్కాలిపీట, దాని మీద నాన్న, ఆయన ఒళ్లో అడ్డంగా స్టీల్ గిటార్. ఎడమచేతిలో స్టీలు కడ్డీ పట్టుకుని తీగల మీద అటూ ఇటూ జరుపుతూ వాయించేవారు. మా వాళ్లందరూ దాన్ని ఇస్త్రీ గిటార్ అనేవారు. ఎదురుపడితే చాలు, "ఏం మేష్టారూ, చొక్కాలు తెమ్మంటారా?" అని ఒకటే వేళాకోళం...

విశాఖ రైల్వే కాలనీలో ఒక బెంగాలీ మాస్టారి దగ్గర నేర్చుకున్నారట. సగంలో ఆ మాస్టారికి బదిలీ అయిపోయింది. మిగతా సగం నేర్పేవాళ్లు ఇక్కడెవరూ దొరకలేదు. ఆంగ్ మో కియో మార్కెట్ పక్కన పాత వీసీడీలమ్మే కొట్టు ఉండేది. అక్కణ్ణుంచి పాత రాక్ కచేరీల డాక్యుమెంటరీలు తెచ్చి, వాటినే గురువు చేసుకున్నారు.

బురదలో వేలమంది జనం, జుట్టు విరబోసుకుని అరిచే గాయకుడు... కెమెరా ఆయన్ని వదిలేది కాదు. ఆయన చెమట కూడా దగ్గరగా చూపించేవాళ్లు. కానీ ఆ పాటని సాగదీసి గుండె పిండేది వెనకాల మూలన తలొంచుకుని కూర్చున్న స్టీల్ గిటార్ ఆయన. ఎప్పుడో ఒకసారి, పొరపాటున అన్నట్టు, ఆయన చేతులు కనిపించేవి. అప్పుడు నాన్న "ఆపు" అనేవారు. నేను ఆపేలోపే మళ్లీ గాయకుడి ముఖం వచ్చేసేది. వెనక్కి తిప్పు, ఇంకోసారి, ఇంకొక్కసారి...

అవన్నీ నా స్కూలు నోట్సు వెనక పేజీల్లో రాసేదాన్ని. ఏ డిస్కు, ఏ నిమిషం, ఏ చెయ్యి. గంటన్నర కచేరీలో ఆ మనిషి కనిపించేది పదకొండు సెకన్లు! ఆ పదకొండు సెకన్లలోంచే నాన్న తన మిగతా సగం విద్య ఏరుకున్నారు. నాకిప్పటికీ ఆ కెమెరావాళ్ల మీద కోపమే.

ఒక ఉగాదికి మన తెలుగువాళ్ల కార్యక్రమంలో నాన్న వాయించారు. ఒకావిడ పాడింది, నాన్న పక్కన కూర్చుని సాయం పట్టారు. నెల తర్వాత వీడియో చేతికొస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. పాటంతా ఆవిడ ముఖమే. చివర్లో ఒక్క క్షణం నాన్న ఎడమ మోచెయ్యి పడింది... అంతే.

నాన్న నవ్వేశారు. అంతంత పెద్దవాళ్లకే పదకొండు సెకన్లిచ్చారు, నాకు మోచెయ్యి చాలదా అన్నారు. తర్వాత మంచినీళ్లకని వంటింట్లోకెళ్లి చాలాసేపు రాలేదు. నేను అలవాటు కొద్దీ నోట్సు తీసి రాశాను... 'ఉగాది. నాన్న. మోచెయ్యి.' అమ్మ నా భుజం మీంచి అది చదివింది. 

మరుసటి ఏడు ఉగాదికి అమ్మ పక్కింటి మలయ్ ఆంటీ దగ్గర చిన్న వీడియో కెమెరా అడిగి తెచ్చింది. నాన్న పాట మొదలవగానే లేచింది. పట్టుచీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని నడివరసలోంచి నడిచి, సరిగ్గా స్టేజీ ముందు నిలబడి, కెమెరా నాన్న చేతుల మీద పెట్టింది. ఇక కదిలితే ఒట్టు.

వెనకనుంచి గొణుగుడు మొదలైంది. పిల్లలు ఇక్కడి యాసలో "ఆంటీ, సిట్ డౌన్ లా" అన్నారు. సిగ్గుతో నేను కుర్చీలోకి కుంగిపోయాను. కమిటీ అంకుల్ వంగుకుంటూ వచ్చారు.

"అమ్మా, పాడేవాళ్లు అటున్నారమ్మా."

"వాళ్లని తియ్యడానికి మీ కెమెరా ఉంది కదండీ."

"వెనక వాళ్లకి ఏమీ కనపడట్లేదంటున్నారు."

"వినపడుతుంది కదండీ. ఇన్నాళ్లూ మా ఆయన్ని అలాగే కదా విన్నారు."

ఆయన మళ్లీ వంగుకుంటూ వెనక్కి వెళ్లిపోయారు. నాన్న తలెత్తి అమ్మని చూశారు. కడ్డీ జారి ఒక అపస్వరం పలికింది. వెంటనే సర్దుకుని, కెమెరాకి బాగా కనపడేలా ఎడమచెయ్యి కాస్త ఇటు తిప్పి వాయించారు.

ఆ వీడియోలో పాడినావిడ ముఖం ఒక్క సెకను కూడా లేదు. ఐదు నిమిషాల పాటు నాన్న రెండు చేతులే...

నాన్న ఉన్నన్నాళ్లూ నేను నేర్చుకోలేదు. పరీక్షలు, ఉద్యోగం, తర్వాత చూద్దాంలే... ఆయన పోయాక నాకు మిగిలిన గురువు ఆ ఐదు నిమిషాలే. యూ టీ అనే పేటలోని మా ఇంట్లో ఇప్పుడు అదే ముక్కాలిపీట మీద కూర్చుంటాను. రిమోట్ మా అమ్మాయి చేతిలో ఉంటుంది.

పోయిన నెల ఒక కార్యక్రమంలో నా వంతు వచ్చింది. ఒక కుర్రాయన చాలా మర్యాదగానే అడిగాడు... ఆంటీ, ఈ పీట ఫ్రేములో బాగుండదు, కొంచెం తెర పక్కకి జరుగుతారా అని. జరగనని చెప్పాను. పాడే అమ్మాయి పక్కనే, స్టేజీ మధ్యలోనే కూర్చుని వాయించాను. ఎదురుగా మా అమ్మ, ఈ వయసులోనూ ఫోను పట్టుకుని నిలబడే ఉంది.

అప్పుడు ఊరందరికీ ఒక్క కెమెరా. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఒకటుంది... అయినా అన్నీ ఒకే ముఖం మీదే. మీ ఇంటి పాత వీడియోల్లోనూ మోచెయ్యి మాత్రమే పడ్డవాళ్లు ఉండే ఉంటారు. డప్పు కొట్టినవాళ్లో, హార్మోనియం పట్టినవాళ్లో, వెనక గొంతు కలిపినవాళ్లో... వాళ్లెవరో ఇక్కడ రాయండి. వాళ్ల చేతులు కనపడే వీడియో ఉంటే పెట్టండి, ఎంత పొడుగున్నా సరే. నేను ఎక్కడా ఆపకుండా చూస్తాను.